ఖాళీ గడి

పెట్టెలో ఖాళీ గడి ఉండకూడదు. వాసు కంపెనీలో ఉన్న నీతి అదొక్కటే. మిగతా నీతులేవైనా ఉంటే కూర్మన్నపాలెం షెడ్డు బయట చెప్పులతో పాటు విడిచి లోపలికి రావాలి.

టాంకో, బ్రిడ్జో, మేడో కట్టబోయే చోట భూమిలోకి బోరు దింపి, ఇనప గొట్టంలో రాయి పట్టి పైకి లాగుతారు. రోకలి లావున గుండ్రంగా వచ్చిన ఆ రాతి కడ్డీల్ని పొడవాటి చెక్కపెట్టెలో పేరుస్తారు. ఏ లోతులో వచ్చిన రాయి ఆ లోతు గడిలో పడుకోవాలి. ఆ పెట్టె ఫోటో చూసుకుని, ఊరు మొహం చూడని ఇంజనీర్లు కింద నేల ఎంత బరువు మోస్తుందో లెక్కగడతారు. రాయి వచ్చిన చోట గొడవ లేదు. రాని చోటే తంటా. గొట్టం ఖాళీగా పైకి వచ్చిందంటే, కింద ఉన్నదేదో మెత్తనిదని, నీళ్లలో కలిసి జారిపోయిందని అర్థం. అప్పుడు పక్క గడిలోంచి ఒక కడ్డీ తీసి, సుత్తితో సుతారంగా విరిచి, ఆ ఖాళీలో సర్దుతారు. పెట్టె నిండుగా కనిపిస్తుంది. ఫోటో తీస్తారు. అందరూ టీ తాగుతారు.

ఈ సర్దడంలో సూరన్నకి పేరుంది. బోరు దింపే రిగ్గు తోలేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, అతను విరిచిన రాయి విరిచినట్టుండదు, భూమి కడుపులోనే అలా విరిగి కూర్చున్నట్టుంటుంది.

"మా సూరన్న బావ సేతిలో భూమికి రోగమే ఉండదు," అంటాడు దాలయ్య. అతను రిగ్గు మీద రెండో మనిషి. గొట్టాలు బిగించడం, విప్పడం, బురదలో పొర్లడం అతని వంతు.

ఈసారి రిగ్గు పద్మనాభం దాటాక కొండవారనున్న కాలనీలో నిలబడింది. కాలనీకి మంచినీళ్ల టాంకు మంజూరైంది. ముగ్గు వేసి మేకు పాతిన చోటుకీ సూరన్న అక్క జోగమ్మ వంటింటి గోడకీ మధ్య ఎడ్లబండి కూడా పట్టదు. ఆ సంగతి సూరన్నకి రిగ్గు దింపేదాకా తెలీదు. తెలిశాక సంతోషించాడు కూడా. అక్క చేతి కూడు తినొచ్చు.

జోగమ్మ అయితే ఆ రెండు రోజులూ భూమ్మీద లేదు. "మా తమ్ముడే," అని దారిన పోయే మేకలకి కూడా చెప్పింది. "ఈడు నేల బావుందంటేనే టాంకీ."

"నీ తమ్ముడు నీ గుమ్మంలోనే పాతీసినాడు గదా టాంకీ," అంది పక్కింటి పోతమ్మ. "నువ్వు మంచమ్మీద తొంగునే తాగుతావు. మా దాకా ఎప్పుడొత్తాదో గొట్టం."

ఆ మాటలో ఉడుకుమోత్తనం ఉంది గానీ కోపం లేదు. కాలనీ చేతిపంపులోంచి తుప్పు కంపు కొట్టే ఎర్రనీళ్లు వస్తాయి. తాగే నీళ్లకి ఆడవాళ్లంతా రోడ్డు దాటి ఊరి ఆసామి శ్రీరామ్మూర్తి తోటలో మోటారు దగ్గరికి పోవాలి. కరెంటు ఉన్నప్పుడు, కాపలావాడి మనసు బాగున్నప్పుడు వాడే నీళ్లు పడతాడు. బిందెలు చేత్తో ముట్టడు. కాలితో తోసి వరస పెడతాడు. నిండిన బిందెని కూడా కాలితోనే ఇవతలికి జరుపుతాడు. ఆ బిందె ఎత్తుకుని ఇంటికి తెచ్చి దేవుడి దగ్గర పెడతారు వీళ్లు. సూరన్న మొదటిసారి అది చూసి కాండ్రించి ఉమ్మాడు. ఉమ్మి ఎవరి మీద పడాలో వాడి మీద పడలేదు. నేల మీద పడింది.

రిగ్గుకీ నీళ్లు కావాలి. గొట్టం కొసన రాయిని కోసే బిట్టు కాలిపోకుండా పైనుంచి పోస్తూ ఉండాలి. దానికోసం ట్యాంకరు వచ్చింది. రెండు డ్రమ్ముల నిండా నీళ్లు నింపిపోయింది. కాలనీ ఆడవాళ్లు ఆ డ్రమ్ముల చుట్టూ తిరిగి చూశారు.

"ఈ ఇనప దున్నపోతు మాకంటే పెట్టిపుట్టింది," అంది పోతమ్మ.

మధ్యాహ్నం ఇంజను ఆపి టార్పాలిన్ కింద కూడు తిన్నారు. కంపెనీలో కొత్తగా చేరిన రోజారమణి కూడా వాళ్ల దగ్గరే కూర్చుంది. రాళ్ల చదువు చదివిన పిల్ల. నగరంలో పుట్టి పెరిగింది. నెత్తి మీద టోపీ, కాళ్లకి బూట్లు. పై సంతకం ఇంకెవరిదో అయినా, బోరు దగ్గర నిలబడి రాసుకోవడం ఆమె పని. జోగమ్మ ఆమెకి ఎండు రొయ్యల కూర వడ్డించింది. కారానికి కళ్లు తుడుచుకుంటూనే తింది గానీ వద్దనలేదు. అందుకు దాలయ్యకి ఆమె నచ్చింది.

"మేడమ్, ఇలాగ దింపుకుంటా దింపుకుంటా పోతే అడుగున ఏటుంటాది?"

"మనం ఎంత దింపినా పైతొక్కలోనే ఉంటాం," అంది రోజారమణి. "గుమ్మడికాయ మీద గోరుతో గీరినట్టు. తొక్క కింద చాలా మందాన వేడి రాయి. రాయే, కానీ ఏళ్లూ పూళ్లూ పట్టి మెల్లగా మెసులుతూ ఉంటుంది. దాని కింద ఇనుము."

"ఇనుమా?"

"కరిగిన ఇనుము. దాని మధ్యలో గట్టి ఇనుము గుండు. అక్కడ బరువు అంత ఎక్కువ, ఎంత వేడిలోనూ కరగలేదు."

"అడుగున కూడా స్టీలుప్లాంటే అన్నమాట," అన్నాడు దాలయ్య. "అక్కడ కూడా కాంట్రాక్టు లేబరేనా, పర్మినెంటోళ్లున్నారా?"

రోజారమణి నవ్వింది. సూరన్న నవ్వలేదు. అతనికి చదువుకున్నవాళ్ల మాటల్లో మొదట వెతకడం అలవాటైంది ఒకటే: ఇందులో ఎంత సర్దుబాటుందని.

"ఎవులు సూసొచ్చినారమ్మా?"

"ఎవరూ చూడలేదు. తొక్క దాటి ఇప్పటిదాకా ఎవరి గొట్టమూ పోలేదు."

"అయితే సూడకుండానే గళ్లు నింపీసినారు. మాలాటోళ్లే."

దాలయ్య గట్టిగా దగ్గాడు. ఆ మాట ఈ పిల్ల ముందు అనకూడనిది. ఆమెకి అర్థమైందో లేదో గానీ, పళ్లెం పక్కన పెట్టేసింది.

"కాదు సూరన్న గారూ. భూకంపం వచ్చినప్పుడు ఆ అదురు భూమి లోపల్నుంచి అవతలి పక్కకి పోతుంది. దేశదేశాల్లో మిషన్లు పెట్టి దాన్ని పట్టుకుంటారు. అందులో ఒక రకం అదురు ఉంది. అది గట్టివాటిలో పోతుంది, కరిగినవాటిలో పోలేదు. భూమికి అవతలి పక్క అది ఎక్కడా తగల్లేదు. ఎన్ని మిషన్లు పెట్టినా రాలేదు. రాలేదనే రాసుకున్నారు. రాలేదు కాబట్టే మధ్యలో కరిగినదేదో అడ్డముందని తెలిసింది. వచ్చిందని ఎవరైనా దొంగరాత రాసుంటే మనకి ఇవాళ్టికీ తెలిసేది కాదు."

సూరన్న చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అన్నం మీద నీతి వడ్డిస్తే అతనికి అరగదు. అయినా ఆ మాట అతని వెనకాలే వచ్చింది. రానిది కూడా ఒక కబురేనట.

తిన్నాక ఇంజను మళ్లీ అందుకుంది. బోరులోంచి తిరిగొచ్చే నీళ్లు మొదట ఎర్రగా వచ్చాయి, అది పైనున్న గరప మట్టి. తర్వాత పసుపు. తర్వాత బూడిదరంగు. రాయి తగిలిందంటే ఇంజను గొంతు బరువెక్కుతుంది, సూరన్న అరిచేతికి ఆ బరువు హ్యాండిల్ మీద తెలుస్తుంది. కాసేపటికి ఆ గొంతు తేలిపోయింది. హ్యాండిల్ చేతిలో వదులైపోయింది. కింది నుంచి నీళ్లు తెల్లగా, బియ్యం కడుగులా వచ్చాయి. అతను ఒత్తకుండానే గొట్టం తన బరువుకి తనే దిగిపోయింది.

"సుద్ద," అన్నాడు దాలయ్య.

నిలువు మనిషి మునిగేంత లోతు దిగాక మళ్లీ గట్టి తగిలింది. కజ్జికాయలో పూర్ణంలా రెండు రాళ్ల నడుమ సుద్ద. గొట్టం పైకి లాగి విప్పితే పసిపిల్ల కక్కిన పాలలాంటిది నాలుగు బొట్లు రాలింది. అంతే.

సూరన్నకి అందివ్వడానికి దాలయ్య అలవాటు ప్రకారం సుత్తి తీశాడు. పెట్టె పక్కన గొంతుక్కూర్చుని పై గడిలోంచి మంచి కడ్డీ ఒకటి ఏరాడు. రోజారమణి అటువైపు ఫోను మాట్లాడుతోంది. ఈ పని ఎప్పుడూ ఇలాంటి ఫోన్ల మధ్యే జరుగుతుంది.

సూరన్న ఇంజను ఆపి చెయ్యి తుడుచుకుంటూ అక్క వంటింటి వైపు చూశాడు. గోడకి ఆనించి పిడకలున్నాయి. కిటికీ లేని కంతలోంచి పొగ వస్తోంది. నాలుగు కాళ్ల మీద నీళ్లు నిండిన టాంకు ఇక్కడ నిలబడితే, ఒక కాలు సుద్దలోకి దిగితే, అది ఎటు ఒరుగుతుందో చూడ్డానికి చదువక్కర్లేదు. ఇన్నాళ్లూ అతను నింపిన గళ్ల మీద ఎవరెవరి వంటిళ్లు లేచాయో అతను చూడలేదు. చూడలేదు గనకే తిన్నది అరిగింది. ఇవాళ వంటిల్లు ఎదురుగా ఉంది, అందులో మనిషి తన మనిషి. అందుకే సుత్తి అందుకోవడానికి చెయ్యి రాలేదు. తన మనిషి కాకపోతే వచ్చేదని కూడా అప్పుడే తెలిసింది. ఆ తెలియడం సుద్ద కంటే రోతగా ఉంది.

"ఒగ్గీరా," అన్నాడు.

"ఏటి బావా?"

"ఆ గడి ఒగ్గీ. అలాగే ఉండనీ."

దాలయ్య అందివ్వబోయిన సుత్తి గాల్లో ఆపి చూశాడు. "వాసు బాబు సంపీగలడు."

"ముందు నన్ను సంపుతాడులే. నీ కాడికొచ్చీసరికి అలిసిపోతాడు."

రోజారమణి వచ్చి చూసింది. ఖాళీ గడిలో చెక్కముక్క పెట్టించి, దాని మీద రాయి రాలేదని రాసింది. ఫోటో తీసుకుంది. సూరన్న మొహం వైపు చూసింది. ఆమె కళ్లలో మెప్పు కనిపించి అతను తల తిప్పుకున్నాడు. మెచ్చుకోడానికి ఇందులో ఏముంది, ఇన్నాళ్లకి ఒక్కసారి దొంగతనం మానేస్తే.

మర్నాడు మిగతా బోర్లు దింపారు. కాలనీ పడమటి చివర రెండో బోరులో చక్కటి రాయి పడింది, నల్లగా, నిగనిగలాడుతూ, ఎక్కడా బీట లేకుండా. ఒక పెట్టె నిండుగా, సర్దకుండానే నిండింది. దాలయ్య దాన్ని దున్నకి ఒళ్లు తోమినట్టు తడిగుడ్డతో తుడిచాడు.

ఆ మధ్యాహ్నం వాసు కారులో వచ్చాడు. కారు దిగకముందే వరసగా పెట్టిన పెట్టెల మీద అతని కన్ను పడింది. మొదటి పెట్టె దగ్గర ఆగిపోయాడు.

"ఏంటిది? పళ్లూడిన నోరులాగ?"

"రాలేదు బాబూ," అన్నాడు సూరన్న.

"రాకపోతే? నీకు కొత్తా?"

"టాంకీ ఒరిగిపోద్ది. ఇళ్లున్నాయి."

"ఇన్నాళ్లూ నువ్వు సర్దినవన్నీ ఒరిగిపోయాయా? అప్పుడు లేని ఇళ్లు ఇప్పుడొచ్చాయా?"

వాసు అడిగినదాంట్లో తప్పు లేదు. అబద్ధాలు బతుకుగా ఉన్నవాడి నోట్లోంచి కూడా ఒక్కోసారి నిజం ఊడిపడుతుంది, అదీ ఎదుటివాడి మొహం మీదే.

రోజారమణి అడ్డొచ్చింది. "సర్, మేకు పాతిన చోట నేల పనికిరాదు. రెండో బోరు దగ్గర రాయి చాలా బాగుంది. టాంకుని పడమటికి జరిపితే చాలు. అలాగే రాసి నిన్నటి ఫోటోలు, ఇవాళ్టివి కలిపి పంపేశాను."

"పంపేశావా?"

"పంపేశాను సర్. నీళ్ల శాఖవాళ్లకి కూడా."

వాసు మొహం ఎర్రబడింది. కారు వెనక్కి పోయి ఫోను చేశాడు. మొదట చెయ్యి ఊపుతూ మాట్లాడాడు. తర్వాత చెయ్యి జేబులోకి పోయింది. తర్వాత నవ్వు వినిపించింది. వెనక్కి వచ్చినప్పుడు ఆ నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, తుడుచుకోవడం మర్చిపోయిన ఎంగిల్లాగ.

"మంచి పని చేశావు సూరన్నా," అన్నాడు. "కంపెనీకి ఇలాంటోళ్లు కావాలి."

కారులోంచి బిర్యానీ పొట్లాలు తీయించాడు. ఎవరి కోసం తెచ్చుకున్నాడో గానీ ఇంకా వేడిగా ఉన్నాయి. సూరన్న పొట్లం విప్పి ఒక ముద్ద పెట్టుకున్నాడు. దొంగపని చేసినన్నాళ్లూ పచ్చి మంచినీళ్లివ్వని చెయ్యి, మంచిపని చేసిన రోజున మాంసం పెడుతోంది. పొట్లం మళ్లీ మూసి దాలయ్య వైపు జరిపాడు.

"తినవా బావా?" అన్నాడు దాలయ్య.

"నువ్వు తిను."

దాలయ్య రెండూ తిన్నాడు. ఎముక కూడా వదల్లేదు.

ఆ సాయంత్రమే రోజారమణిని ఇంకో పనికి, అనకాపల్లి అవతలికి పంపించేశారు. వెళ్తూ వెళ్తూ ఆమె సూరన్నకి నమస్కారం పెట్టింది. "మీలాంటి వాళ్లుంటే మాకు భయం ఉండదండీ," అంది. బస్సు ఎక్కేదాకా మొహం వెలిగిపోతూనే ఉంది.

పొద్దున్నే రిగ్గు ఎత్తమన్నారు. పడమటి చివరకి కాదు. రోడ్డవతలికి. అక్కడ శ్రీరామ్మూర్తి తోటలో సగం కొట్టేసి లేఅవుటు వేశాడు. రంగులేసిన కమాను, దాని మీద దీపాలు, లోపల ఒక్క ఇల్లు లేదు. సరిహద్దు రాళ్లు పాతిన ఖాళీ జాగాలు, వాటి మధ్య తారురోడ్లు, రోడ్ల పక్కన విదేశీ ఈతమొక్కలు. ప్రతి మొక్క మొదట్లోనూ నల్లటి సన్నగొట్టంలోంచి నీళ్లు చుక్కచుక్కగా పడుతూనే ఉన్నాయి. కరెంటుతో పని లేదు, కాపలావాడి మనసుతో పని లేదు.

"ఇక్కడేటి దింపడం?" అన్నాడు సూరన్న.

"దింపు, చెబుతాను," అన్నాడు వాసు.

దింపాడు. అది ఒకప్పుడు పల్లం పొలమట, వానాకాలం నడుముల్లోతు నిలిచేదట. ఎక్కడెక్కడి చెత్తో తెచ్చి పూడ్చేసి పైన ఎర్రమట్టి పరిచారు. చెయ్యి పట్టేంత లోతు దాటగానే నల్లటి బురద పొంగుకొచ్చింది. కుళ్లిన కోడిగుడ్డు కంపు. బురదతో పాటు ప్లాస్టిక్ సంచి పేలికలు, జుట్టు ఉండలు, ఆసుపత్రి గొట్టం ముక్క. భూమి కడుపులోంచి ఒక ఆడమనిషి చెప్పు వచ్చింది, పట్టీ కూడా తెగలేదు. దాలయ్య దాన్ని కర్రతో దూరంగా నెట్టి, ముక్కు తువ్వాలుతో కట్టుకున్నాడు. ఇద్దరికీ మోచేతుల దాకా ఆ నలుపు పట్టేసింది. దాని కింద మళ్లీ సుద్ద. కాలనీలో నిలువు మనిషి లోతు ఉన్నది ఇక్కడ ఎంతకీ తెగలేదు. గొట్టం లాగిన ప్రతిసారీ ఖాళీ. పెట్టెలో ఒక మూల నాలుగు పెంకుల్లాంటి రాళ్లు తప్ప ఏమీ లేదు.

శ్రీరామ్మూర్తి నడుచుకుంటూ వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, బురదకి పది బారల అవతల ఆగాడు. నెమ్మదైన మనిషి. ఎవర్నీ నువ్వనడు.

"సూరన్న గారంటే మీరేనా? మీ అక్కగారిది కాలనీయేనట. చాలా మంచిపని చేశారు. కాలనీ నేల పనికిరాదని మేం ఎన్నాళ్లుగా చెబుతున్నా ఎవరు నమ్మారు? మనం చెబితే స్వార్థం అంటారు. మీరు చెబితే కాగితం మీదకొచ్చింది. స్థలం మార్చమని ఆవిడెవరో రాశారట. నేనే స్థలం ఇస్తానన్నాను. ఊరికే."

"మార్చమన్నాది కాలనీలోనే బాబూ. పడమట కొసకి."

"మార్చమన్నారు కదా. ఎక్కడికైతే ఏం, నీళ్లు నీళ్లే."

"కాలనీకి?"

"వాళ్లకీ వేస్తారు గొట్టం. ఇక్కడ ఇళ్లు లేచాక, రెండో విడతలో." ఆయన చేతులు జోడించాడు. నిజంగానే జోడించాడు. "మీ పుణ్యమే అంతా."

ఆయన వెళ్లిపోయాక కూడా సూరన్నకి తన నోట్లో ఏదో జిడ్డు మిగిలినట్టే ఉంది. ఎంత ఉమ్మినా పోలేదు.

వాసు వ్యానులోంచి ఒక పెట్టె దింపించాడు. మూత తీశాడు. కాలనీ పడమటి చివర పడిన రాయి, నల్లగా, నిగనిగలాడుతూ.

"ఇందులోంచి తీసి అందులో సర్దు."

"ఇక్కడ కూడా ఖాళీయే బాబూ. అక్కడికన్నా గోరం."

"సూరన్నా," అన్నాడు వాసు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "ఖాళీ గడి పెట్టాల్సిన చోట పెట్టావు. ఇంక చాలు. ప్రతిచోటా పెడితే దానికి విలువేముంటుంది?"

"నాను సర్దను."

"నిన్ను సర్దమన్నానా? దాలయ్యా."

దాలయ్య ఎవరి వైపూ చూడలేదు. నల్లబురద చేతులు ప్యాంటుకి తుడుచుకుని, సుత్తి తీసుకుని కూర్చున్నాడు. అతనికి చూసిన అనుభవమే గానీ చేసిన అనుభవం లేదు. మొదటి కడ్డీ అడ్డదిడ్డంగా పగిలింది. రెండోది ఎలాగో విరిచి గడిలో పెట్టాడు. విరిగిన మొహం పక్కదానితో కలవలేదు. ఎవరైనా వంగి చూస్తే తెలిసిపోతుంది.

"అది తిరగబడిపోనాది, తిప్పు," అన్నాడు సూరన్న.

అన్నాక తెలిసింది తనే అన్నాడని. మాట కాదు, చెయ్యి మాట్లాడింది, ఏళ్లుగా మప్పిన చెయ్యి. దాలయ్య దాన్ని తిప్పాడు. చక్కగా అతికింది. వాసు సూరన్న వైపు చూసి కన్ను గీటాడు, మనవాడు మనవాడేనన్నట్టు.

సూరన్న ఈతమొక్కల దగ్గరికి పోయి నిలబడ్డాడు. రోజారమణికి ఫోను చేశాడు. అవతల రిగ్గు హోరులో ఆమె గొంతు సన్నగా వినిపించింది. అతను చెప్పిందంతా వింది.

"నేను కాలనీలోనే జరపమన్నానండీ. రెండో బోరు నంబరు కూడా వేశాను."

"జరపమన్న మాటొక్కటీ ఉంచీసుకున్నారు."

"ఆ కొత్త బోరు దగ్గర నేను లేను కదా. చూడనిదాని మీద నేను రాయలేను సూరన్న గారూ. రాస్తే నేనూ వాళ్లలాగే అవుతాను." గొంతు తగ్గించింది. "మనం పంపిన రిపోర్టు మాత్రం కరెక్టే కదా?"

"కరెక్టే అమ్మా."

"మరి?"

ఆ 'మరి'కి అతను ఫోను కట్టేశాడు. చేతికి మరక అంటకుండా ఉండడం కూడా ఒక చదువే కాబోలు. తనకది ఏ తరగతిలో చెబుతారో తెలిసేలోపే బడి మాన్పించారు.

పొద్దు వాలుతుండగా రోడ్డు దాటి కాలనీకి వచ్చాడు. మోటారు దగ్గర్నుంచి ఆడవాళ్లు బిందెలతో తిరిగొస్తున్నారు. మొన్నటిదాకా పలకరించినవాళ్లు ఇప్పుడు వంక బిందె బరువు మీద పెట్టి తల తిప్పలేదు. కబురు అతని కంటే ముందే వచ్చేసింది. అక్క వంటింటి పక్క మేకు ఎవరో పీకేశారు. ముగ్గు గీత మీద పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు.

"వచ్చినాడమ్మా హరిశ్చంద్రుడు," అంది పోతమ్మ. అతనికి వినబడాలనే అంది. జోగమ్మ మాత్రం పీట వాల్చింది. తిన్నావా అని అడిగింది. తినలేదంటే పొయ్యి మీద కుండ పెట్టింది.

"అప్పా," అని అక్కని పిలిచాడు.

"ఊఁ."

"నాను సేసింది తప్పు కాదే."

"కాదని ఎవులన్నారు." పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. "దాలయ్య మద్దినేల టీకొచ్చినాడు. కొంపలంటుకున్నట్టు ఏడిసినాడు. ఎక్కడెక్కడో పెట్టినావట గదా నువ్వు. రాయి నేని సోటల్లా రాయి పెట్టినావట. మేడలకీ, బ్రిడ్జీలకీ."

సూరన్న గోటితో చేతి మీది సుద్ద గీరుకున్నాడు.

"ఊళ్లందరికీ పెట్టినావు. మాకొక్క రాయి పెట్టలేకపోనావేటి తమ్ముడూ."

"నీ ఇంటి మీదే పడును అది. నువ్వు తొంగున్నకాడే."

"పడితే పడును. ఎప్పుడో పడును." ఆమె గొంతులో కోపం లేదు, ఎండిపోయి ఉంది. "పడీదాకా తాగుదుము గదా."

పడమటి కొసన గట్టి రాయుందే, అక్కడ కట్టొచ్చని రాసిందే ఆ పిల్ల, అని చెప్పబోయాడు. ఏదీ ఆ రాయి అంటే ఏం చూపిస్తాడు. అది రోడ్డవతల పెట్టెలో పడుకుని ఉంది. సందు కనబడకుండా అతికింది కూడా.

అన్నం ఉడికింది. పళ్లెం పెట్టి, చెంబు తీసుకుని ఆమె బయటికొచ్చింది. "సేతులు కడుక్కో."

అతను వాకిట్లో గొంతుక్కూర్చుని చేతులు చాపాడు. మోచేతుల దాకా నల్లబురద, దాని మీద తెల్ల సుద్ద ఎండి పొలుసులు కట్టి ఉంది. ఆమె చెంబు వంచింది. ఆ నీళ్లు పొద్దున ఎవడి కాలు తన్నితే వచ్చినవో అతనికి తెలుసు. మొదటి ధారకి నలుపు కరిగి మోచేతుల మీంచి కారింది, సుద్ద కదల్లేదు.

"సాలప్పా," అన్నాడు.

ఆమె ఆపలేదు.

"సాలే. నీల్లు."

పోతమ్మ గుమ్మంలో బిందె చంకనెత్తుకుని నిలబడి చూస్తోంది. జోగమ్మ ఇంకొంచెం వంగి, తమ్ముడి చేతుల మీద, పొదుపు లేకుండా, చుట్టమొచ్చిన ఇంట్లో పోసినట్టు పోస్తూనే ఉంది. చెంబు ఖాళీ అయితే లోపలికెళ్లి మళ్లీ ముంచుకొచ్చింది. అతను చేతులు వెనక్కి తీసుకోలేకపోయాడు.